ఎగువ తూము ఎవ్వరిది?

గోదావరి డెల్టాలో కాలువ చివర పొలముగల రైతు నెవ్వనినైనను అడిగి చూడుడు. వానలు బాగుగ కురిసినవా యని యాతడు మొదట విచారింపడు. ఎగువ తూము ఎవ్వరి చేతిలో నున్నది, లస్కరు ఎవ్వరి మాట వినును, తనకంటె ముందు ఎవ్వరి బోదె నిండును అని విచారించును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు నేటివరకు డెల్టావాసి అనుభవమున నేర్చిన పాఠ మిది. నదిలో నీరుండుట వేఱు, నా చేనికి నీరు వచ్చుట వేఱు. ఈ రెంటి నడుమ తూము కలదు. తూమున కధికారి యెవడో వాడే పంటకును అధికారి.

ఈ పాఠమునే మేమీ వారము మఱియొక ప్రవాహమునకు అన్వయింప దలచితిమి. అది ఇంటర్నెట్. మన పట్టణములందును మండలకేంద్రములందును స్వల్ప పెట్టుబడితో వైర్‌లెస్ ఇంటర్నెట్ సేవ నడుపువారు కలరు. మేడమీద ఒక ఇనుపకంబము, దానిపై తెల్లని పళ్లెమువంటి యాంటెన్నా, నాలుగైదు మైళ్ల యవతల పల్లెలో మఱియొక యాంటెన్నా, అక్కడినుండి ఇండ్లకు, బడికి, ఆసుపత్రికి, పాలకేంద్రమునకు సేవ: ఇదియే వారి వ్యాపారము. నేల త్రవ్వి తీగ పాతుటకు లక్షలు కావలయును. ఆకాశమార్గమున కంత వ్యయము లేదు. 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము 5 గిగాహెర్ట్జ్ తరంగములలో 605 మెగాహెర్ట్జ్ మేర ఆరుబయట వాడుకకు సైతము తరంగానుమతి యవసరము లేకుండ విడిచిపెట్టినది. కావున ఆకాశము విషయమున చిన్నవానికి పెద్ద చిక్కు లేదు. చిక్కంతయు ఎగువ తూమువద్దనే యున్నది.

సేవ మందగించిన రాత్రి చందాదారుడు మేడమీది కంబమువంక చూచి నిందించును. కంబమున దోషము కొన్నివేళల నుండవచ్చును. కాని ఆ కంబములోనికి బ్యాండ్‌విడ్త్ ఎక్కడనుండి వచ్చుచున్నది? ఎవ్వరిచ్చుచున్నారు? ఏ ధరకు, ఏ షరతులపై? ఈ ప్రశ్నలను పత్రికలు గాని, శాసనసభ్యులు గాని, చందాదారులు గాని తగినంతగా అడుగుట లేదు. అడుగవలయునని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ వ్యాపారపు లోగుట్టు పలువురు పాఠకులకు తెలియదు గాన కొంచెము వివరింతుము. ఒక సేవాదారునకు మూడువందల ఇండ్లు చందాలో నున్నవనియు, ప్రతి యింటికి 50 మెగాబిట్ల వేగము వాగ్దానము చేసినాడనియు లెక్కకొఱకు అనుకొందము. అందఱును ఒక్కమాఱే నిండుగ వాడినచో 15,000 మెగాబిట్లు కావలయును. అట్లెన్నడును జరుగదు, ఊరిబావికి ఊరంతయు ఒక్క నిమిషముననే బిందెతో రాదుగదా. రాత్రి తొమ్మిది గంటలకు సగటున ఇంటికి మూడు మెగాబిట్లు లాగుదు రనుకొన్నచో 900 చాలును. సేవాదారుడు కొంచెము వెసులుబాటుంచుకొని 1,000 మెగాబిట్లు, అనగా ఒక గిగాబిట్, ఎగువనుండి నెలబాడుగకు కొనును. ఇంతవరకు మోసము లేదు. గిగాబిట్ కావలసినచోట మూడువందల మెగాబిట్లు కొని యూరకున్నచో అది మోసమగును. అతడేల అట్లు చేయును? కొందఱు దురాశచేత చేయుదురు. అనేకులు ఎగువ ధరకు తాళలేక చేయుదురు.

ఎగువనుండి కొనుట యనగా నిజమునకు మూడు వస్తువులను కొనుట. మొదటిది నడిమి దారి: పాడేరునుండి గాని భద్రాచలమునుండి గాని హైదరాబాదు, చెన్నపట్టణము వంటి మహానగరమునకు చేర్చు గాజుతీగ. రెండవది సంత: అనేక సేవాదారుల దారులు కలిసికొని ఒకరి సరుకు నొకరు నేరుగా మార్చుకొను స్థలము. దానిని ఎక్స్ఛేంజి యందురు. మూడవది సముద్రము దాటు దారి. ఈ మూడింటిని కలిపి ఒకే మూటగా అమ్మువారును కలరు, విడివిడిగా అమ్మువారును కలరు. మూటగా కొనువానికి ఏ వస్తువునకు ఎంత చెల్లించుచున్నాడో తెలియదు. చిన్నవాడు సాధారణముగ మూటనే కొనును, ఏలయన అతని యూరికి వచ్చిన తీగ ఒక్కటియే.

సముద్రపు దారి చరిత్రము చూడుడు. 1995 ఆగష్టు 15వ తేదీని విదేశ్ సంచార్ నిగమ్ మనదేశమున ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించినది. 1998లో ప్రైవేటు సేవాదారులకు తలుపు తెఱచిరి. 2002లో విదేశ దూరవాణి వ్యాపారమున ఆ సంస్థకుగల గుత్తాధిపత్యము తొలగినది. కాగితముపై గుత్త పోయినదిగాని, సముద్రపుతీగ ఒడ్డునకు చేరు కేంద్రములు కొద్దిమంది చేతులలోనే యుండెను. తీగలో వాటాగలవాడు సైతము ఒడ్డున ఆ కేంద్రమును దాటుటకు ద్వారపాలకునకు సుంకము చెల్లింపవలసివచ్చెను. ఇది గ్రహించి టెలికాం నియంత్రణాధికార సంస్థ 2007లో ఆ కేంద్రములను అత్యవసర సౌకర్యములుగా నెంచి అందఱకును ప్రవేశ మిప్పించు నిబంధనలు చేసినది. 2012 డిసెంబరులో సుంకములు నిర్ణయించినది. కేంద్రములవారు న్యాయస్థానముల కెక్కిరి. 2018 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము విషయమును మరల నియంత్రణాధికార సంస్థకు పంపగా, ఆ నవంబరులో సుంకములను తిరిగి ప్రకటించిరి. 2012లో చేసిన నిర్ణయము ఆరేండ్లు వ్యాజ్యములో నలిగినది. ఈ ఆరేండ్లలో చిన్న సేవాదారు లెందఱు దుకాణము కట్టివేసి యుందురో! న్యాయము ఆలస్యమైనప్పుడు నష్టపడువాడు ఎల్లప్పుడును కాలువ చివరివాడే.

సంత విషయమింకొకటి. 2003లో లాభాపేక్షలేని సంస్థగా నిక్సీ యను జాతీయ ఎక్స్ఛేంజి స్థాపితమైనది. అంతకుముందు ఒక భారతీయ సేవాదారుని చందాదారుడు మఱియొక భారతీయ సేవాదారుని చందాదారునకు పంపిన జాబు విదేశమునకు పోయి తిరిగివచ్చుటయు కలదు. ఎదురింటివానికి కబురంపుటకు సింగపూరు మీదుగా మనిషిని పంపినట్లుండెను. నిక్సీ వచ్చి ఈ వింతను తగ్గించినది. హైదరాబాదునందును దాని కేంద్రము కలదు. తరువాత ప్రైవేటు ఎక్స్ఛేంజిలును వెలసినవి. సంతలోనికి వచ్చినవాడు గూగుల్, మెటా వంటి సంస్థల సరుకును నేరుగా పొందవచ్చును; ఎగువ టోకువర్తకునకు దానికై మెగాబిట్ లెక్కను చెల్లింపనక్కఱలేదు. చందాదారులు చూచునది అధికభాగము చలనచిత్రములును వీడియోలును గాన ఈ యాదా సామాన్యము కాదు. ఆ సంస్థలు తమ నిలువపెట్టెలను సేవాదారుల గదులలోనే యుంచు పద్ధతియు కలదు. కాని వాడుక ఒక హద్దుమీఱినవానికే పెట్టె యిత్తురు. చిన్నవానికి సంత దూరము, పెట్టె యందదు. సంతకు పోవు దారి యజమాని యెవడో అతడే మరల ద్వారపాలకుడు.

ఇచ్చట మా యనుభవ మొకటి చెప్పుదుము. వృత్తిచేత మేము న్యాయవాదులము. కొన్నినెలల క్రిందట ఒక చిన్నపట్టణపు సేవాదారుడు తన ఎగువ సంస్థతో చేసికొన్న ఒడంబడికను మాయొద్దకు తెచ్చెను. ఇరువదిరెండు పుటలు. అందు ధరను మూడవవానికి చెప్పరాదని మొదటి షరతు. మూడునెలల బాడుగ ముందుగా డిపాజిట్టు చేయవలయును. ఏడాదివఱకు ఇతడు విడువరాదు. వారు మాత్రము ముప్పది దినముల నోటీసుతో విడువవచ్చును. తీగ తెగి సేవ నిలిచినచో, నిలిచిన కాలమునకు బాడుగలో మినహాయింపేగాని ఇతని చందాదారుల నష్టముతో వారికి సంబంధము లేదు. వివాదము వచ్చినచో ఢిల్లీలో మధ్యవర్తియెదుట తేల్చుకొనవలయును. మే మా కాగితములు ముగించి, "అబ్బాయీ, సంతకము పెట్టుటకుముందేల తేలేదు?" అని యడిగితిమి. "ముందు తెచ్చిన మీరేమి చేసియుందురండీ? మా యూరికి వచ్చిన తీగ అదొక్కటే" అని యాతడు బదులుచెప్పెను. మేము మాఱుపలుకలేకపోతిమి. ఒకే తీగయున్న యూరిలో ఒడంబడిక యనునది పేరునకే ఒడంబడిక.

ఇంతకంటె క్రూరమైన సంగతి మఱియొకటి కలదు. ఎగువను బ్యాండ్‌విడ్త్ అమ్ము సంస్థలలో పెక్కు దిగువను ఇంటింటికిని సేవ అమ్ముచున్నవి. అనగా చిన్నవాడు ఎవ్వరియొద్ద సరుకు కొనుచున్నాడో, వారితోనే వీధిలో పోటీపడుచున్నాడు. ఆ సంస్థకు ఇతని చందాదారు లెందఱో, ఏ సాయంకాలమున ఎంత వాడుదురో, ఇతని దారి ఎప్పుడు కిక్కిరియునో అన్నియు తెలియును. టోకుధరను నిలిపి చిల్లరధరను తగ్గించిన చాలును, నడుమనున్నవాడు నలిగిపోవును. ఇందుకు కుట్ర యక్కఱలేదు, దుర్బుద్ధియైన నక్కఱలేదు. ఏర్పాటే అట్లున్నది. మిల్లువాడే బజారున బియ్యము చిల్లరకమ్ముచు, వీధిలోని కొట్టువానికి బస్తాధర తానే నిర్ణయించినచో ఆ కొట్టు ఎన్నాళ్లు నిలుచును?

చట్టము లేదా యని పాఠకు లడుగవచ్చును. 2002 నాటి పోటీచట్టము నాలుగవ సెక్షనులో, ఒక విపణిలోని ప్రాబల్యమును మఱియొక విపణిలో ప్రవేశించుటకో దానిని కాపాడుకొనుటకో వినియోగించుట నిషిద్ధమని స్పష్టముగ వ్రాసియున్నది. కాని 2018 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, టెలికాం వ్యవహారములలో సాంకేతిక ప్రశ్నలను మొదట టెలికాం నియంత్రణాధికార సంస్థయే తేల్చవలయుననియు, తదుపరియే పోటీసంఘము చేయి పెట్టవలయుననియు తీర్పు చెప్పినది. తీర్పును మేము తప్పుపట్టము. దాని తర్కము దానికి కలదు. కాని మండలకేంద్రమునందలి సేవాదారునకు ఫలితమేమి? మొదట ఒక తలుపు, అది తెఱచిన తరువాత ఇంకొక తలుపు, రెండును ఢిల్లీలోనే. వాని మూలధనము మొదటి తలుపునొద్దనే హరించిపోవును.

ఇట్టి స్థితిలో ఒక ఆశాకిరణము కనబడినది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గము పీఎం-వాణి యను పథకము నామోదించినది. టీకొట్టువాడు గాని, కిరాణాకొట్టువాడు గాని తన యంగడిలో వైఫై పెట్టె యమర్చి బాటసారులకు కొద్దిపాటి రుసుముమీద ఇంటర్నెట్ అమ్ముకొనవచ్చును. దీనికి లైసెన్సు వలదు, రుసుము వలదు. ఒకప్పుడు వీధివీధిని పసుపుపచ్చ బోర్డులతో వెలసిన ఎస్టీడీ బూతులకు ఇది మనుమడు. 2018 నాటి జాతీయ విధానము 2022 నాటికి కోటి వైఫై స్థలములు కావలయునని కోరియుండెను. 2024 మధ్యకాలమునకు పీఎం-వాణి క్రింద వచ్చినవి రెండులక్షల పైచిలుకు మాత్రమే. కోటి యెక్కడ, రెండులక్షలెక్కడ! టీకొట్టువాడు సోమరియా? పెట్టెలు దొరుకవా? కాదు. ఎగువ తూమే కారణము. ఇంటివానికి సామాన్యధరకిచ్చు గాజుతీగ కనెక్షనును సంస్థలు టీకొట్టువానికియ్యక, బహుమడుగులు ఖరీదైన లీజు దారినే కొనుమని పట్టుబట్టుచున్నవని టెలికాం శాఖయే నియంత్రణాధికార సంస్థకు వ్రాసికొన్నది.

నియంత్రణాధికార సంస్థ 2024 ఆగష్టులో మొదటి ముసాయిదా ప్రకటించి, ఇంటివాని ధరకే కొట్టువానికి నియ్యవలయునన్నది. పెద్దసంస్థలు గగ్గోలు పెట్టినవి. చివరకు 2025 జూన్‌లో ఉత్తరువు వెలువడినది: 200 మెగాబిట్ల వఱకు గల గృహకనెక్షనులన్నియు పీఎం-వాణి కొట్టువారికి, గృహధరకు రెండింతలు మించని ధరకు ఇయ్యవలయును. రెండింతలు ఎక్కువయా తక్కువయా యను చర్చ మేము నేడు పెట్టము. ఈ యుత్తరువులోని సూత్రమే మాకు ముఖ్యము. ఎగువవాడు దిగువవానికి ఇష్టమువచ్చిన ధర చెప్పుటకు వీలులేదు, ప్రజాప్రయోజనముండినచోట హద్దు నిర్ణయింపవచ్చును అని ప్రభుత్వసంస్థ తన చేతివ్రాతతో ఒప్పుకొన్నది. టీకొట్టువానికి వర్తించిన న్యాయము మూడు పల్లెలకు సేవచేయు జిల్లా సేవాదారునకేల వర్తింపదు? పైగా అతడు లైసెన్సు పొందినవాడు; లెక్కలు దాఖలుచేయువాడు; రక్షణశాఖల యాజ్ఞలకు బద్ధుడు. కొట్టువానికంటె ఎక్కువ భారము మోయుచున్నవానికి తక్కువ రక్షణయా?

ఇది క్రొత్త సూత్రమును కాదు. ఒకచోటినుండి మఱియొకచోటికి కిరాయికిచ్చు లీజు దారులకు ఇదే నియంత్రణాధికార సంస్థ 2005లో గరిష్ఠధరలు నిర్ణయించి, 2014లో సవరించియున్నది. కాని ఆ 2014 నాటి పట్టికలోని పెద్దదారి 622 మెగాబిట్లు. పైని మేము లెక్కవేసిన మూడువందల ఇండ్ల సేవాదారునకే ఒక గిగాబిట్ కావలసియున్నది. కొంచెము పెరిగినచో పది గిగాబిట్లు కావలయును. కాలువ వెడల్పయినది, కొలబద్ద పాతదే.

విద్యుచ్ఛక్తి విషయమున మనవారే చూపిన మార్గమును చూడుడు. తెలంగాణములో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970 ప్రాంతమునుండి పనిచేయుచున్నది. అది కరెంటును తయారుచేయదు; టోకున కొని తన మేరలోని ఇండ్లకు, మగ్గములకు, బావులకు పంచును. ఆ టోకుధరను అమ్మువాడు తన యిచ్చవచ్చినట్లు చెప్పడు. విద్యుత్ నియంత్రణమండలి విచారణ జరిపి బహిరంగముగ నిర్ణయించును. నేత పట్టణపు సహకారసంఘమునకు దొరకిన ఈ బహిరంగ టోకుధర, వైర్‌లెస్ సేవాదారునకేల దొరకరాదు? కరెంటు అవసరమనియు ఇంటర్నెట్ విలాసమనియు ఎవ్వరైన నందురేమో. నేడు పింఛను, భూమి పత్రము, విద్యార్థి పరీక్షాఫలితము, రైతు ధాన్యపు సొమ్ము, అన్నియు దీనిమీదనే నడచుచున్నవి. దీనిని విలాసమనువాడు ఒక్కమాఱు గ్రామ సచివాలయము ముందు "సర్వరు లేదు" అని చెప్పించుకొని తిరిగిపోవు ముసలమ్మను చూచిరావలయును.

మఱి ప్రభుత్వపు తీగల మాటేమి? 2011లో మొదలై, తరువాత భారత్‌నెట్ అను పేరు దాల్చిన పథకము గ్రామపంచాయతులకు గాజుతీగ చేర్చుటకే యేర్పడినది. 2023 ఆగష్టులో దాని సవరించిన రూపమునకు 1,39,579 కోట్ల రూపాయలు మంజూరైనవి. ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభముల మీదుగ సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతిచే ప్రారంభింపబడినది. నెలకు 149 రూపాయలకే సేవయని నాడు ప్రకటించిరి. రైలుపట్టాల వెంట రైల్‌టెల్ తీగ కలదు. పవర్‌గ్రిడ్ వారి హైటెన్షను గోపురముల మీదుగ తీగ కలదు. ఇదంతయు ప్రజల సొమ్ము, ప్రజల స్తంభములు, ప్రజల పట్టాలు. చిన్న సేవాదారునకు నడిమి దారి లేదనుట అబద్ధము, దారి యున్నది. సమానషరతులతో, ప్రకటితధరతో, తెగినచో ఇన్నిగంటలలో బాగుచేయుదుమను పూచీతో ప్రతి మండలకేంద్రమునను దొరకునట్టి దారియే కావలయును. ప్రభుత్వము తానే చిల్లరవర్తకుడై చౌకధరల బోర్డు కట్టుటకంటె, మంచి కాలువ త్రవ్వి, తూమును అందఱకును సమముగ తెఱచి, లస్కరును నిష్పక్షపాతముగ నుంచిన చాలును. ప్రజలకు చౌక తానే వచ్చును.

దీనికి పెద్దసంస్థలు చెప్పు ప్రత్యుత్తరములు మే మెఱుగుదుము. తరంగములకును తీగలకును వేలకోట్లు మేము పెట్టితిమి, మా రెక్కలకష్టముపై చిన్నవారు బ్రతుకుదురా అని మొదటి మాట. సముద్రములో తీగ వేసినవానికి ప్రతిఫలము దక్కవలయుననుటలో మాకు వివాదము లేదు. ఉచితముగ నిమ్మని ఎవ్వరును అడుగుటలేదు. ఖర్చునకు న్యాయమైన లాభము కలిపి ధర కట్టి, అది గోడమీద వ్రాయుడనుచున్నాము. టోకుధర గోప్యముగ నుంచుట పెట్టుబడికి రక్షణ యెట్లగును? రెండవ మాట, దేశరక్షణ: ఎవ్వరు ఏమి వాడిరో చిన్నవారు లెక్కలుంచరని. లెక్కలుంచుట లైసెన్సు షరతు, ఉంచనివానిని శిక్షింపుడు. ఒకడు తప్పుచేయునని వేయిమందికి నీరు కట్టివేయుట పరిపాలన కాదు. మూడవ మాట, చిన్నవారి సేవ నాసిరకమని. ఎగువను బిగించి దిగువను వెక్కిరించుట ఏపాటి న్యాయమో పాఠకులే చెప్పుదురుగాక.

కాని చిన్న సేవాదారులకును మేము పరుషముగ కొన్ని మాటలు చెప్పవలసియున్నది. మీలో కొందఱు గృహకనెక్షను నొకదానిని కొని, దానినే నూఱిండ్లకు పంచి, చట్టమునుండి దాగుచున్నారు. అది చౌర్యము, మీ న్యాయమైన వాదమునకు మీరే గోతి త్రవ్వుకొనుట. కొందఱు వాగ్దానము చేసిన వేగములో పదియవవంతైన నీయక, అడిగినవానిని కసరికొట్టుచున్నారు. ఒకే ఎగువ దారిని నమ్ముకొని, అది తెగినదినమున ఊరంతయు చీకటియైనప్పుడు దైవమును నిందించుచున్నారు. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా యొద్ద సముద్రపుతీగలు తెగి మనదేశమున సేవ కుంటుపడినది. 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రమున మరల తెగినవి. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున ఏమి చేసెనో చెప్పనక్కఱలేదు. రెండు దారులు వేర్వేఱు దిక్కులనుండి లేనివాడు సేవాదారుడు కాడు, జూదరి.

ఒక్కొక్కనికి రెండుదారులు కొను శక్తి లేదందురా? అట్లయిన కూడుడు. ఒక జిల్లాలోని పదిమంది సేవాదారులు సహకారసంఘముగ నేర్పడి, కలిసి పది గిగాబిట్లు కొన్నచో, ఒక్కొక్కడు గిగాబిట్ కొన్నదానికంటె ధర తగ్గును. సంఘము పేరిట ఇర్ఇన్ అను జాతీయ రిజిస్ట్రీయొద్ద సొంత నెట్‌వర్కు సంఖ్యను, చిరునామాలను పొందవచ్చును. సొంతసంఖ్య గలవాడు ఈ టోకువర్తకుని విడిచి ఆ టోకువర్తకునిచేరినను అతని చిరునామాలు మాఱవు. అద్దెచిరునామాల వాడు యజమానిని విడువజాలడు. సంఘము హైదరాబాదు ఎక్స్ఛేంజికి ఒక దారి వేసికొనవచ్చును. పదిమంది వాడుక కలిసినచో నిలువపెట్టె అడుగుటకును అర్హత వచ్చును. హిమాచలపర్వతములలో ధర్మశాలయందు 2005 ప్రాంతమున ఆరంభమైన ఎయిర్‌జల్దీ సంస్థ, పెద్దలు లాభము లేదని విడిచిన కొండపల్లెలకు వైర్‌లెస్ దారులు వేసి నిలిచియున్నది. కొండలమీద సాధ్యమైనది మన మైదానములలో అసాధ్యమా?

విశాఖపట్టణమునుగూర్చి యొకమాట చెప్పి ముగింతుము. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ అచ్చట ఐదేండ్లలో 15 బిలియను డాలర్లు వెచ్చించి మహాకేంద్రము నిర్మింతుననియు, సముద్రపుతీగలు ఒడ్డుచేరు ద్వారమును గూడ నేర్పఱతుననియు ప్రకటించినది. ఆంధ్రులందఱు సంతోషించిరి, మేమును సంతోషించితిమి. కాని భూమియు, నీరును, కరెంటును మన మిచ్చునప్పుడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ ద్వారమునుండి అరకు, శ్రీకాకుళము, పార్వతీపురముల చిన్న సేవాదారుడు లోనికి పోవచ్చునా? పోవచ్చునేని ఏ ధరకు? నేడు ఒడంబడికలో వ్రాయింపనిచో రేపు వ్యాజ్యములో అడుగవలసివచ్చును. ఆ వ్యాజ్యమునకు ఎన్నేండ్లు పట్టునో పైని జూపితిమి.

మేము కోరునది నాలుగు. టోకున బ్యాండ్‌విడ్త్ అమ్ము ప్రతి సంస్థయు ప్రతి జిల్లాకేంద్రమునకును తన ధరను, షరతులను బహిరంగముగ ప్రకటింపవలయును. తన చిల్లరశాఖకు ఏ ధర వేసికొనునో ఆ ధరకే పోటీదారునకును నీయవలయును. ప్రజాధనముతో వేసిన తీగలపై ప్రతి మండలకేంద్రమున సమప్రవేశ ముండవలయును. 2025 జూన్ ఉత్తరువులోని హద్దును కొట్టువానినుండి లైసెన్సుగల చిన్న సేవాదారుని వఱకు పొడిగింపవలయును.

ఇవి ఎవ్వరో ఇత్తురని కూర్చుండిన రావు. టెలికాం నియంత్రణాధికార సంస్థ ప్రతి నిర్ణయమునకుముందు ముసాయిదాను ప్రకటించి ప్రజల యభిప్రాయములు కోరును. పెద్దసంస్థలు దస్తాలకొలది కాగితము పంపును. మన పట్టణములనుండి ఎన్ని జాబులు పోవుచున్నవి? ఈ పత్రికను పఠనమందిరమున చదువు సోదరులు నేటి సాయంకాలము తమ వీధి సేవాదారుని పిలిచి మూడు ప్రశ్నలడుగుదురుగాక: నీకు ఎగువ దారు లెన్ని? మా కమ్మినదెంత, నీవు కొన్నదెంత? ధర చెప్పరాదని నీ ఒడంబడికలో వ్రాసియున్నదా? ఆ మూడు జవాబులును ఒక కాగితముపై వ్రాసి, క్రింద సంతకములు చేసి, తరువాతి ముసాయిదా వెలువడిన దినమున ఢిల్లీకి పంపుడు. కాలువ చివరి రైతులు పదిమంది కలిసి ఇంజనీరు కచ్చేరి మెట్లెక్కిన దినముననే తూము కదలుట మనము మన కనులారా చూచియున్నాము.